ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3, 240 సైజు: ఎనిమిది నెలలు వాడాక, ఫ్యాన్లు తిప్పిన గొడవతో సహా

ముందే చెప్పేస్తున్నా, కంప్యూటర్ ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే ఈ కూలర్ మీద రివ్యూ రాద్దామనే కూర్చున్నా గానీ ఇందులో సగం పైగా ఫ్యాన్లు ఎటు ఊదాలి అన్న గోలే ఉంటది. ఎందుకంటే డబ్బులు పోసి కొన్న వస్తువు మొదటి నెలంతా దండగ అనిపించింది, తీరా చూస్తే వస్తువులో ఏ లోపమూ లేదు, గాలి ఎటు పోతుందో ఒక్కరమూ చూసుకోలేదు, అంతే.

మాది విజయనగరం, గంటస్తంభం నుంచి నడిచొచ్చే దూరం. పని పెళ్ళి వీడియోలు ఎడిటింగ్. డాబా మీద రేకుల గది, అందులోనే సిస్టమూ నేనూ. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటే మనిషే ఉడికిపోతాడు, ఇంక ప్రాసెసర్ గురించి ఏం చెప్తాం. సిస్టమ్ ఏటంటే రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్ కార్డు, ముందు జాలీ ఉన్న మామూలు క్యాబినెట్. ఈ 5800ఎక్స్ వాడేవాళ్ళకి తెలుసు దాని సంగతి, డబ్బా మీద 105 వాట్లు అంటాడు, లోడ్ పడితే 142 వాట్ల దాకా లాగేస్తది, పైగా ఎనిమిది కోర్లూ ఒకే చిన్న చిప్పులో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి వేడంతా గోరంత చోటులోంచే బయటికి రావాలి. 90 డిగ్రీలు దాని హద్దు, అక్కడికి చేరాక స్పీడు తగ్గించుకుని కూర్చుంటది. పెళ్ళి వీడియో అంతా అయ్యాక చివర్లో ఫైలు సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడతాను, అప్పుడు కోర్లన్నీ నూటికి నూరు మీద గంటలకి గంటలు నడుస్తాయి, పాత ఎయిర్ కూలర్‌తో ఎప్పుడు చూసినా 90 దగ్గరే ఉండేది. అందుకే మార్చిలో, పెళ్ళిళ్ళ డబ్బులు కొంచెం చేతికి రాగానే, ఆన్‌లైన్‌లో ఈ లిక్విడ్ కూలర్ ఆర్డర్ పెట్టేశా.

ఇదే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి ఆరేళ్ళ వారంటీ. రెండోది రేడియేటర్ మందం, అంటే పంపు ప్రాసెసర్ మీంచి తోసిన వేడినీళ్ళు ఫ్యాన్ల గాలికి చల్లారే రేకుల పలక అన్నమాట, మామూలు వాటికి 27 మిల్లీమీటర్లు ఉంటే దీనికి 38. లోపల నీళ్ళు ఎక్కువ, వేడి వదిలే రేకులు ఎక్కువ. లైట్లు లేని నల్లది తీసుకున్నా, లైట్లు మా పెళ్ళి మండపాల్లో చూసేవి చాలు. పంపు మీదే ఒక చిన్న ఫ్యాన్ కూడా ఉంటది, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే భాగాల మీద గాలి ఊదడానికి. ఇది బాగా నచ్చింది నాకు, మామూలు లిక్విడ్ కూలర్ పెడితే ఆ భాగాల దగ్గర గాలి ఆడదు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ కూడా డబ్బాలోనే ఇచ్చాడు. నా రైజెన్ లాంటి ఏఎండీ ప్రాసెసర్లలో వేడి పుట్టే చోటు సరిగ్గా మధ్యలో ఉండదు కదా, పక్కకి ఉంటది, అందుకని పంపుని కొంచెం జరిపి బిగించేలా క్లాంపు ఇచ్చాడు. ఆలోచించి చేసినవాడి పని అని తెలుస్తది.

ఇంకోటి, ఫ్యాన్లు రెండూ ఫ్యాక్టరీలోనే రేడియేటర్‌కి బిగించి వస్తాయి. డబ్బా విప్పగానే భలే సుఖం అనుకున్నా. ఆ సుఖమే కొంప ముంచింది, చెప్తా.

బిగించడానికి ఊళ్ళోనే ఒక షాపుకి పట్టుకెళ్ళా, పేరు ఎందుకులెండి, మంచి మనుషులే. నేనే బిగించుకోవచ్చు గానీ పంపు, నీళ్ళు అనేసరికి కాస్త భయం. అక్కడి కుర్రాడు మొదట క్యాబినెట్ పైకప్పు లోపల పెట్టి చూశాడు. రేడియేటర్ 38, ఫ్యాను 25, కలిపి 63 మిల్లీమీటర్లు, మన ర్యాములేమో ఎత్తు టోపీలు పెట్టుకున్న రకం, తగిలేసింది. "పైన అవదు అన్నయ్యా, ముందు పెట్టేస్తాను, ఏటీ అవదు" అన్నాడు. సరే అన్నా. ముందున్న మూడు ఫ్యాన్లలో పై రెండు పీకేసి ఆ చోట రేడియేటర్‌ని డబ్బాలోంచి తీసినట్టే ఫ్రేముకి ఆనించి స్క్రూలు బిగించేశాడు. అంటే రేడియేటర్ జాలీ వైపు, ఫ్యాన్లు లోపలి వైపు. కింద ఒక ఫ్యాను పాతదే ఉంది, వెనక ఒకటి ఉంది. గంటలో అయిపోయింది, టీ కూడా ఇప్పించారు.

ఇంటికొచ్చి హ్యాండ్‌బ్రేక్ పెట్టా. పదినిమిషాలు 74, 75 అని ఊరించింది. నీళ్ళ కూలర్లలో ఇదొకటి, ముందు ఆ నీళ్ళు వేడెక్కాలి కాబట్టి మొదట్లో ఎప్పుడూ బాగానే కనిపిస్తది, అసలు సంగతి అరగంట దాటాకే తెలుస్తది. ఎవరైనా అయిదు నిమిషాల టెస్టు చూపించి ఎంత చల్లగుందో చూడు అంటే నమ్మకండి. నలభై నిమిషాలకి 87. గంటకి 89. అంటే ఇంచుమించు పాత కూలర్ చోటికే వచ్చేసింది. గ్రాఫిక్ కార్డు ఖాళీగా ఉన్నా 60 దగ్గర వేలాడుతోంది.

వారం రోజులు పేస్ట్ సరిగ్గా వెయ్యలేదేమో, పంపు తిరగట్లేదేమో అని కొట్టుకున్నా. పంపు తిరుగుతోంది, పైపు పట్టుకుంటే సన్నగా వణుకు తెలుస్తోంది. మరి ఏటి రోగం? ఒకరోజు పొద్దున్న ఇంట్లో దీపం పెట్టి మా ఆవిడ అగరొత్తి పట్టుకుని గదిలో తిప్పుతోంది, రోజూ సిస్టమ్‌కి కూడా ఒక చుట్టు తిప్పుతుంది లెండి, అన్నం పెట్టేది అదే కదా అని. ఆ పొగ క్యాబినెట్ ముందు జాలీ దగ్గరికి రాగానే పై భాగంలో ఫట్‌మని బయటికి తోసేసింది, కింద ఫ్యాను దగ్గరికి దిగి సర్రున లోపలికెళ్ళిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే పైన జాలీలోంచి వేడిగాలి మొహం మీద కొడుతోంది. అప్పుడు వెలిగింది బల్బు.

జరిగింది ఏటంటే, ఫ్యాక్టరీలో బిగించినప్పుడు ఫ్యాన్లు గాలిని రేడియేటర్ వైపు ఊదేలా ఉంటాయి. పైన బిగిస్తే అదే కరెక్టు, లోపలి గాలిని తీసుకుని రేడియేటర్ గుండా నెత్తి మీంచి బయటికి పంపిస్తాయి. అదే సెట్టుని తిప్పకుండా ముందు భాగంలో పెట్టేస్తే ఏం చేస్తాయి, లోపల గ్రాఫిక్ కార్డు వేడి చేసిన గాలిని లాగి రేడియేటర్ గుండా ముందుకి ఊదుతాయి. అంటే రేడియేటర్‌కి దొరికేదే వేడిగాలి. పైగా కింద ఉన్న ఫ్యాను ఆ ముందుకొచ్చిన వేడిగాలినే మళ్ళీ లోపలికి లాక్కుంటోంది. వెనక ఫ్యాను కూడా బయటికే. మూడు బయటికి ఊదేవి, లోపలికి తెచ్చేది ఒక్కటి, అదీ ఎంగిలి గాలి. మిగతా గాలి ఎక్కడ్నుంచి రావాలి మరి? వెనక స్లాటు సందుల్లోంచి, సైడు ప్యానెల్ చీలికల్లోంచి, అంటే ఫిల్టర్ లేని ప్రతి కన్నంలోంచీ దుమ్ముతో సహా వచ్చింది. విప్పి చూస్తే నెలకే ఆ సందుల అంచుల్లో బూజులా కట్టేసింది.

షాపుకి ఫోన్ చేశా. ఓనరు గారు చాలా నెమ్మదిగా "వేడి బయటికే కదండీ పోవాలి, లోపలికి ఊదితే ఎలాగండి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికే కదా పెడతాం" అన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఆయన్ని తప్పు పట్టలేను, నేనూ నెల రోజులు అదే అనుకున్నాను. కానీ వంటింట్లో పొయ్యి ఒకచోట, ఫ్యాను ఒకచోట. ఇక్కడ రేడియేటరే పొయ్యి. దాని గుండా పోయే గాలి ఎంత చల్లగా ఉంటే అది అంత వేడి వదులుతది, ఆ గాలి తర్వాత ఎటు పోయినా దానికి అనవసరం. గదిలో 33 డిగ్రీలుంటే, క్యాబినెట్ లోపల గాలి 42, 43 ఉంటే, నువ్వు దాన్ని ఏ గాలితో కడుగుతావ్ అన్నదే లెక్క. వేడిగాలి ఎలాగూ పైకి పోతుంది కదండీ అని ఇంకో మాట కూడా అన్నారాయన. నిజమే, ఫ్యాన్లు లేని పెట్టెలో పోతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే ఫ్యాను ముందు ఆ పైకి పోయే బలం ఎంత, దోమ ఊపిరంత. ఫ్యాను ఎటు తోస్తే గాలి అటే.

మళ్ళీ తీసుకురండి చూస్తాం అన్నారు గానీ ఆదివారం నేనే విప్పా. తిప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫ్యాన్లని తీసి ముందు వైపు పెట్టి, రేడియేటర్‌ని లోపల వైపు పెట్టడం, అప్పుడు బయటి గాలిని ఫ్యాన్లు రేడియేటర్‌లోకి తోస్తాయి, పుష్ అంటారు. రెండోది, రేడియేటర్ ఎక్కడున్నది అక్కడే ఉంచి ఫ్యాన్లని బోర్లించి బిగించడం, అప్పుడు లోపల కూర్చుని రేడియేటర్ గుండా గాలిని లాగుతాయి, పుల్. పుష్ ఒక డిగ్రీ మెరుగు అనో ఏదో అంటారు గానీ ఆ తేడా మన గదిలో కిటికీ తెరిస్తే వచ్చే తేడా కంటే తక్కువ. నేను పుల్ పెట్టా. ఎనిమిది స్క్రూలు, ఫ్యాను వైర్లు కొంచెం సర్దుకోవాలి, గంట కూడా పట్టలేదు. పుల్‌లో అసలు లాభం వేరే ఉంది. దుమ్ము వచ్చి రేడియేటర్ ముందు మొహం మీదే పేరుకుంటది, జాలీ ఊడదీస్తే కళ్ళెదుటే ఉంటది, పెయింట్ బ్రష్షుతో దులిపెయ్యొచ్చు. పుష్ అయితే ఫ్యాన్లకీ రేడియేటర్‌కీ మధ్యలో దుమ్ము దుప్పటిలా తయారవుతది, ఫ్యాన్లు విప్పితే తప్ప కనపడదు. మన ఊళ్ళలో దుమ్ముకి, నా బద్ధకానికి, పుల్లే కరెక్టు.

ఫ్యాను ఎటు ఊదుతుందో ఎలా తెలుసుకోవాలి అంటే, మధ్యలో మోటారుని పట్టుకుని నాలుగు పుల్లలు ఉంటాయి చూడండి, ఆ పుల్లలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. రెక్కలు నున్నగా ఎదురుగా కనపడే వైపు లాక్కునే వైపు. కొన్నిటికి పక్కన బాణం గుర్తులు కూడా ఉంటాయి. ఇప్పుడు అందం కోసం రివర్స్ రెక్కల ఫ్యాన్లు అని అమ్ముతున్నారు, వాటికి ఈ లెక్క తిరగబడుతుంది, కాబట్టి చివరికి ఒక టిష్యూ ముక్కో అగరొత్తో పట్టి చూసుకోవడమే. అగరొత్తి అయితే ఒక్క క్షణం చాలు, మసి లోపలికెళ్ళేలా పొగ పెట్టుకుంటూ కూర్చోవద్దు.

తిప్పాక అదే గది, అదే ఫైలు, ఏసీ లేకుండా, గది 33 ఉన్నప్పుడు గంటన్నర నడిపించా. ప్రాసెసర్ 77 దగ్గర ఆగిపోయింది. అక్షరాలా 12 డిగ్రీలు, పైసా ఖర్చు లేకుండా. స్పీడు పడిపోవట్లేదు కాబట్టి రెండున్నర గంటల పని రెండు గంటల పది నిమిషాలకి వచ్చింది. మే నెలలో గది 37 దాకా పోయిన రోజు 82 చూశా, అంతకు మించి పోలేదు. గది వేడి పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతది, ఇలాంటి ఏ కూలరూ గదికంటే చల్లబరచలేదు, అది ఏసీ కాదు.

ఈ మాట మీదే ఇంకో డౌటు, మా మావయ్య అడిగారు, "ఆ నీళ్ళ గొట్టాలకి మన ఉక్కపోతలో చెమట పట్టి బోర్డు మీద కారదా, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు?" అని. పట్టదు. సీసా గదికంటే చల్లగా ఉంటది కాబట్టి చెమట. ఇందులో నీళ్ళు ఎప్పుడూ గదికంటే వేడిగానే ఉంటాయి, లోడ్‌లో చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తెలుస్తది. ఎంత తేమ ఉన్నా భయం లేదు.

ఇప్పుడు నష్టం సంగతి కూడా చెప్పాలి. రేడియేటర్ వేడంతా ఇప్పుడు క్యాబినెట్ లోపలికే వస్తోంది, అది గ్రాఫిక్ కార్డు మీదకి పోతుంది. 3060 అంటే 170 వాట్ల కార్డు, పెద్దగా ఇబ్బంది లేదు, ఈ కూలర్ పెట్టకముందు ఫుల్ లోడ్‌లో 76 ఉండేది ఇప్పుడు 79 అయింది. ఎంగిలి గాలి పీల్చుకునే రోజుల్లో ఎంతుండేదో తలుచుకోకపోవడం మంచిది. ముందు నుంచి పీకేసిన పాత ఫ్యాన్లు రెండూ ఖాళీగా ఉన్నాయి కదా, వాటిని పైన బయటికి ఊదేలా పెడదామని మొదలెట్టి, ఒక్కటే వెనక మూలకి పెట్టి ఆపేశా. ముందు మూడు లోపలికి, వెనక ఒకటి పైన ఒకటి బయటికి. లోపలికొచ్చేది కొంచెం ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది గానీ దుమ్ము లోపలికి రాదు. పైన ముందు మూలకి ఫ్యాను పెడితే రేడియేటర్ గుండా అప్పుడే వచ్చిన గాలిని దేని మీదా పడకుండానే లాగేస్తది, దానివల్ల లాభం లేదు.

ఇదంతా చదివి అందరూ ముందు పెట్టేసి లోపలికి తిప్పెయ్యండి అనుకోవద్దు. శ్రీకాకుళంలో మా బావ ఉన్నాడు, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, వాడికి రాత్రంతా గేమ్సే. వాడి కార్డు నాదానికి దాదాపు రెట్టింపు కరెంటు తింటది, గేముల్లో ప్రాసెసర్ అంత కష్టపడదు. వాడిది వేరే కంపెనీ సన్న రేడియేటర్, 27 మందం, పైన సుఖంగా పట్టింది, బయటికి ఊదుతోంది. నా అనుభవం ఊపులో "ఒరే బావా నీది తప్పురా, లోపలికి తిప్పు" అని దసరాకి వెళ్ళినప్పుడు పట్టుబట్టి తిప్పించా. ప్రాసెసర్ నాలుగు డిగ్రీలు తగ్గింది, నిజమే. కార్డు ఆరు పెరిగింది, దాని ఫ్యాన్లు బస్సు ఇంజనులా అరవడం మొదలెట్టాయి. పైనుంచి వేడిగాలి కిందకి, కార్డు ఊదే వేడిగాలి పైకి, రెండూ మధ్యలో కొట్టుకుంటున్నాయి మరి. "వొగ్గీరా బావా, నీ పెళ్ళి వీడియోలు నీవి, నా ఆట నాది" అని వాడే మళ్ళీ యథాతథంగా తిప్పేసుకున్నాడు. వాడిదే కరెక్టు. ఏది ఎక్కువ కాలుతోంది, ఏది నీ కూడు పెడుతోంది అన్నది చూసుకుని దానికి ముందు చల్లగాలి ఇవ్వాలి. నాకు ప్రాసెసర్, వాడికి కార్డు. పైన పట్టే రేడియేటర్ ఉండి గేములే ఆడేవాళ్ళు పైనే పెట్టుకుని బయటికి ఊదించండి, ప్రాసెసర్ నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే ఏమీ కాదు.

ముందు పెట్టేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, పైపులు ఎటున్నాయి అని. సీలు వేసిన కూలర్లో కూడా కొంచెం గాలి ఉంటది, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల గోడల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరైపోయి ఆ గాలి పెరుగుతది. గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటుకి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు, రేడియేటర్ పై అంచు అవ్వాలి. పంపులోకి గాలి చేరితే గుడగుడమని చప్పుడు, నీళ్ళు సరిగా తిరగవు, పంపు తొందరగా పోతుంది. అందుకే రేడియేటర్‌ని నిలువుగా పెట్టి పైపులు కిందికి వచ్చేలా ఉంటే మేలు, గాలి పై అంచులో నోరు మూసుకుని కూర్చుంటది. నాకు షాపులో పైపులు పైకి పెట్టారు, పంపుకంటే రేడియేటర్ పై భాగం ఎత్తులోనే ఉంది కాబట్టి ప్రమాదమేమీ లేదు గానీ సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా రెండు నిమిషాలు చెంబులో నీళ్ళు పోసినట్టు చప్పుడు వచ్చేది. తిప్పిన రోజే పైపులు కిందికి చేశా, చప్పుడు పోయింది. రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు.

కేబుల్ సంగతి తొందరగా చెప్పేస్తా. దీంతో రెండు రకాల కేబుళ్ళు వస్తాయి, ఒకటి పంపు, ఫ్యాన్లు, ఆ చిన్న ఫ్యాను అన్నీ ఒకే వైరు మీద నడిచేది, ఇంకోటి మూడూ విడివిడిగా. షాపులో ఒంటి వైరు పెట్టారు. ప్రాసెసర్ వేడి పెరిగి తగ్గినప్పుడల్లా పంపు, ఫ్యాన్లు కలిసి ఉయ్యాలలా పైకీ కిందికీ మోగుతుంటే తలనొప్పి. మూడు ముక్కల కేబుల్ పెట్టి, బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, పంపుని ఒకే స్పీడు మీద ఉంచి, ఫ్యాన్లు మాత్రం నెమ్మదిగా స్పందించేలా ఆలస్యం పెట్టాను. అప్పట్నుంచి గది ప్రశాంతం, రేకుల మీద కాకి నడిచినా వినపడుతోంది.

మార్కులంటే కూలర్‌కి పదికి తొమ్మిది ఇస్తా. షాపుకి ఎంత ఇవ్వాలో తెలీట్లేదు, బిగింపు చాలా శుభ్రంగా చేశారు, వైర్లు ముద్దుగా కట్టారు, ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు, దిశ ఒక్కటే తప్పు. మొన్న మౌసు కొనడానికి వెళ్తే ఆ కుర్రాడు వేరే ఎవరిదో సిస్టమ్‌లో రేడియేటర్ ముందు పెడుతున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు గానీ ఫ్యాను తీసి పుల్లలు ఎటున్నాయో ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

పైడితల్లమ్మ పండగ అయ్యాక ముందు జాలీ తీసి చూశా, సిరిమాను రోజుల జనం, ఆ దుమ్ము, రేడియేటర్ మీద బూడిదరంగు పొర. ఆ పొరతో 80 చూపిస్తోంది, బ్రష్షుతో రెండు నిమిషాలు దులిపితే మళ్ళీ 77. కొనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆర్డర్ పెట్టకముందు టేపు పట్టుకుని క్యాబినెట్ పైకప్పు నుంచి ర్యాము తల దాకా కొలుచుకోండి. 63 మిల్లీమీటర్ల పైన ఉంటే పైన పెట్టుకోవచ్చు. లేకపోతే ముందు పెట్టుకుని ఫ్యాన్లు బోర్లించండి, అప్పుడు ముందు భాగంలో కూడా అంతే మందం పోతుంది కాబట్టి కార్డు పొడుగు కూడా ఒకసారి కొలవండి.